ఫెరిటిన్ ఆరు

ఊరి కింద ఇనుము.
రాత్రి ఒంటిగంటన్నరకి కిరునా గనిలో పేలుస్తారు,
అల్మరాలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి,
నేను అటు తిరిగి పడుకుంటాను.
ఆ ఇనుము కోసమే మా ఊరిని విప్పి
ముక్కముక్కగా తూర్పుకి జరుపుతున్నారు,
చర్చిని కూడా చక్రాల మీద ఎక్కించారు.
నా ఒంట్లో మాత్రం, కాగితం మీద,
ఆరు.

ఆరంటే ఏమిటని అడిగాను.
"నిల్వ. గోదాములో అడుగున మిగిలింది,"
అంది డాక్టర్ సిగ్నె.
నేనొచ్చింది దానికి కాదు.
నేనొచ్చింది నిప్పురవ్వల గురించి.

ఆసుపత్రి లాండ్రీలో పని నాది.
డ్రయ్యర్ తలుపు తీస్తే దుప్పట్లు కరుచుకుని ఉంటాయి,
విడదీస్తే చిటపటా తిడతాయి,
లైటార్పితే నీలం గీతలు.
అందరికీ కొడుతుంది. నాకు ఇంకాస్త ఎక్కువ కొడుతుంది.
తలుపు పిడి. ట్రాలీ కడ్డీ. లిఫ్ట్ మీట.
మా అక్క కొడుకు ఆస్లాక్ ముక్కు.
ముద్దు పెట్టబోతే వాడు గుక్కపట్టాడు,
"పిన్ని కుట్టింది!" అని.
అప్పట్నుంచీ ముందు గోడని తాకి
తర్వాత వాణ్ణి తాకుతున్నాను.

నా పక్కన మడతలు పెట్టే సైమికి ఏమీ కాదు.
వారానికి రెండుసార్లు రెయిన్‌డీర్ నెత్తురు కలిపిన అట్లు తింటుంది.
"ఒంట్లో ఇనుముంటే మెరుపు దారి చూసుకుని పోతుంది,
లేకపోతే గుమ్మంలోనే నిలబడి తంతుంది,"
అని సిద్ధాంతం చెప్పి
దిండు గలీబులో మొహం దాచుకుని నవ్వింది.

డాక్టర్ నవ్వలేదు.
"అలా ఎవరూ తేల్చినట్టు నాకు తెలీదు.
బయట మైనస్ ముప్పై, లోపల హీటరు,
గాలిలో చెమ్మ లేదు, నీ చెప్పులు రబ్బరువి.
అయితే,
ఇనుము తగ్గితే కొందరికి నరాలు అల్లరి చేస్తాయి,
రాత్రిళ్ళు కాళ్ళు ఊరుకోవు.
రవ్వ అదే అయినా
నీకు ఎక్కువగా తెలియొచ్చు.
తెలియొచ్చు అన్నాను, తెలుస్తుంది అనలేదు."
నేను రెండోదే రాసుకున్నాను.

మాత్రలిచ్చింది.
మా అమ్మకి దిగులుకీ ఇవే ఇచ్చారు,
అక్కకి జుట్టూడితే ఇవే,
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారే,
నాకు పిడుగు పాలే వచ్చిందన్నమాట.
నాలిక మీద పాత తాళంచెవి రుచి.
మిగతాది చెప్పను గానీ
గని గుట్టలు కూడా అంత నల్లగా ఉండవు.

పుస్తకంలో గీతలు పెట్టాను.
జనవరి తొమ్మిది: ముప్పయ్యొక్క దెబ్బలు.
ఫిబ్రవరిలో ఒక మంగళవారం: ఇరవయ్యారు.
మార్చిలో జ్వరమొచ్చి లెక్క తప్పింది.
ఏప్రిల్‌లో పధ్నాలుగు.
మే ఇరవై: సున్న.
అదే రోజు కాగితం మీద నలభై ఒకటి!

లాండ్రీకి పరిగెత్తి సైమికి చూపించాను,
ఆమె సిద్ధాంతం ఆమెకే అప్పజెబుతున్నట్టు.
సైమి పుస్తకం చూడలేదు.
కిటికీ చూడమంది.
చూరు నుంచి కారుతోంది. వీధంతా బురద.
ఆర్నెల్ల మంచు ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు
గాజంతా చెమ్మ.
"మే నెలలో ఎవరికి కొట్టింది చెప్పు?"

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇంకో చలికాలం కావాలి నాకు.
మాత్రలు ఆపి చూద్దామా అంటే
డాక్టర్ కళ్ళజోడు పైనుంచి చూసింది,
నేనే మాట మార్చాను.

నవంబరు వచ్చింది. గాలి ఎండింది.
కొత్త ఊళ్ళో కొత్త ఇల్లు, కొత్త తలుపు పిడులు,
ఒక్కోదాన్నీ పామును ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నాను.
ఏమీ లేదు. ఏమీ లేదు.
అప్పుడు ఆస్లాక్, ఉన్ని మేజోళ్ళతో
హాలంతా తివాచీ మీద కాళ్ళీడ్చుకుంటూ,
వేలు ముందుకు చాపి,
"పిన్నీ, మళ్ళీ కుట్టు."

చురుక్కుమంది, ఇద్దరికీ ఒకేసారి.
వాడు ఈసారి ఏడవలేదు.
పుస్తకం తీశాను.
నవంబరు పది: ఒకటి.
పక్కనే చిన్న అక్షరాలతో:
ఇది వాడిది.